మూడో గడి

పోయిన వారం నోటీసు బోర్డు దగ్గర ఆగాం. బస్సులకు బ్రేకులు సరిగ్గా పట్టడం లేదని డిపో పోర్టల్లో ఫిర్యాదు రాసిన ఏడుగురు డ్రైవర్ల పేర్లు ఆ బోర్డు మీద వరసగా వేలాడుతున్నాయి. ఏడుగురికీ దూరపు డిపోలకి బదిలీ. రాసేవాళ్ళ పేరు ఎక్కడా పడదని మాటిచ్చి మరీ రాయించుకున్న పోర్టల్ అది. మరి డిపో నడిపే పెద్దసారుకి పేర్లెలా తెలిశాయి? డిపో అంతా ఒకటే మాట: టైపు బాబాయి చెప్పేశాడు. ముసలి గుమాస్తా. కీబోర్డు అంటే భయపడే డ్రైవర్లు నోటితో చెబుతుంటే, వాళ్ళ నంబర్లతోనే లోపలికెళ్ళి ఫిర్యాదులు టైపు చేసిపెట్టింది ఆయనే. ఆయనకి కాక ఇంకెవరికి తెలుస్తాయి? ఇవాళ నాలుగింటికి టైర్ల గదిలో మీటింగు. బాబాయిని యూనియన్ నుంచి గెంటేయడానికే ఆ మీటింగు.

అందరూ నమ్మిన ఆ మాట ఒక్క మనిషికి మాత్రం గొంతు దిగడం లేదు. ఆమె డిపో పోర్టల్ చూసుకునే ప్రోగ్రామరు. డిపోలో అందరికీ కంప్యూటరమ్మ. అదే డిపోలో బస్సు నడిపే సొంత అక్కకి మాత్రం, ఆ అక్క యూనియన్ కార్యదర్శి అయినా సరే, వట్టి "ఒసేయ్".

గొంతు దిగకపోవడానికి కారణం మూగన్న. నోరు తెరిస్తే ఎక్కడ అరిగిపోతుందో అన్నట్టుండే డ్రైవరు. బదిలీ అయిన ఏడుగురిలో ఒకడు. మూగన్న బాబాయి బల్ల దగ్గరికి వెళ్ళనేలేదు. కంప్యూటరమ్మ గదిలో, ఆమె పక్కనే కూర్చుని, హారను కొట్టినట్టు ఒక్కొక్క అక్షరాన్నీ బొటనవేలితో నొక్కుతూ తనే రాసుకున్నాడు. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. మరి బాబాయి చెప్పడమేంటి?

ఈ ముల్లు గుచ్చుకుంటూ ఉండగానే పొద్దున్న పెద్దసారు చీటీ పంపాడు. డ్రైవర్లు సిబ్బంది నంబరు మర్చిపోతున్నారట, ఫోను నంబరుతో కూడా లాగిన్ అయ్యేలా మార్చాలట. ఏడుగురిని ఊళ్ళు పట్టించి, ఉన్నవాళ్ళకి సుఖంగా లోపలికొచ్చే దారి వేయిస్తున్నాడు మహానుభావుడు. ఆమె పళ్ళు కొరుక్కుంటూ లాగిన్ కోడు తెరిచింది.

ఈ పోర్టల్ ఆమె పుట్టించింది కాదు. బయటెవరో జావాలో రాసి అమ్మితే డిపో కొనుక్కుంది. ఇలాంటివాటితో మొదటి నియమం, దాని పొట్ట కొయ్యకూడదు. లోపల చెయ్యి పెట్టి మార్చామా, రేపు కొత్త వెర్షన్ వచ్చిన రోజున మనం చేసిందంతా ఊడ్చుకుపోతుంది. అందుకే తయారుచేసినవాళ్ళు కొన్ని కొక్కేలు వదిలిపెడతారు. మనిషి లాగిన్ అవకముందు ఏం చెయ్యాలి, అయ్యాక ఏం చెయ్యాలి అని సెట్టింగుల ఫైల్లో రెండు వరసలుంటాయి. మనకి కావలసిన క్లాసు, అంటే చిన్న కోడు ముక్క, మనం విడిగా రాసుకుని దాని పేరు ఆ వరసలో తగిలిస్తే చాలు, పోర్టలే సమయానికి పిలుచుకుంటుంది.

ఆమె పాత డ్యూటీ చార్టు వెనక్కి తిప్పి పెన్సిలుతో దారి గీసుకుంది. డ్రైవరు నంబరూ పాస్‌వర్డూ కొడతాడు. ఒక క్లాసు ఆ నంబరు గల మనిషిని వెతుకుతుంది. ఇంకొకటి పాస్‌వర్డు సరిచూస్తుంది. కుదిరితే లోపలికి రానిచ్చి, 'లాగిన్ అయ్యాక' వరసలో ఉన్నవాటిని ఒకదాని తర్వాత ఒకటి పిలుస్తుంది. ఫోను నంబరు గొడవ మొదటి మెట్టు మీదే తేలిపోతుంది. మనిషిని వెతికేచోట ఇంకో దారి చూపిస్తే సరి. గంట పని. అక్కడితో ఆపి ఉంటే ఇవాళ కథే లేదు. కానీ మార్చేముందు చివరిదాకా చదవడం ఆమెకి అలవాటు. మంచి అలవాటే. కొంప ముంచింది అదే.

'లాగిన్ అయ్యాక' వరసలో మూడు క్లాసులున్నాయి. మొదటిది భాష ఎంచేది. రెండోది మనిషిని తను అడిగిన పేజీకి చేర్చేది. మూడోదాని పేరు చూసి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. తెరిచింది. నాలుగంటే నాలుగు లైన్లు. వాటి నెత్తిన ఒక కామెంటు, తను రాసుకున్నదే.

'తాత్కాలికం. రేపు తీసెయ్యాలి.'

కింద తేదీ. పద్నాలుగు నెలల కిందటిది.

అంతా గుర్తొచ్చింది. అప్పట్లో డ్రైవర్లు డ్యూటీ పేజీ నొక్కితే లాగిన్ అడిగేది, లాగిన్ అయ్యాక ఆ పేజీకి తీసుకెళ్ళకుండా మొదటి పేజీలోకి విసిరేసేది. ఎవరు ఎక్కడికని బయల్దేరి ఎక్కడ తేలుతున్నారో తెలియక, తాత్కాలికంగా ఒక చిట్టా పెట్టింది. లోపలికి వచ్చిన ప్రతి మనిషికీ ఫైల్లో ఒక వరస. మొదటి గడిలో ఎవరు, రెండో గడిలో ఎప్పుడు, మూడో గడిలో ఏ పేజీకని. రెండు రోజుల్లో తప్పు దొరికింది, సరిచేసింది, అందరూ శభాష్ అన్నారు. ఆ సంబరంలో చిట్టా తీసెయ్యడం మరిచిపోయింది.

నాలుగు నెలల తర్వాత ఫిర్యాదుల పేజీ పెట్టారు. బయటివాళ్ళు రాయకూడదు కాబట్టి దానికీ లాగిన్ ఉంది. ఫిర్యాదు దాచే పట్టికలో మాత్రం పేరు గడి లేకుండా ఆమె దగ్గరుండి చూసుకుంది. టైర్ల గదిలో అక్క డ్రైవర్లని రాయమని ఒప్పిస్తుంటే తను లేచి నిలబడి, "పేరు పెట్టడానికి అసలు గడే లేదు, కావాలంటే వచ్చి చూసుకోండి" అని చెప్పింది కూడా. నిజమే, ఆ పట్టికలో లేదు. పట్టిక దాకా వచ్చే దారిలో ఏం రాసిపెట్టిందో ఎవరూ అడగలేదు, ఆమె తనని తాను అడగలేదు.

ఇంకా ఉంది. డ్యూటీ మారిన సంగతి చూడలేదని డ్రైవర్లు తప్పించుకుంటున్నారని పెద్దసారు గోల పెడితే, ఎవరెప్పుడు పోర్టల్లోకి వచ్చారో రోజూ పొద్దున్న ఆరింటికి చెప్పే రిపోర్టు ఒకటి రాసిచ్చింది. ఆయన తెర మీద చదవడు, కాగితం కావాలి. చిట్టా ఎలాగూ ఉంది కదా అని దాన్నే ఎత్తి కాగితం మీద పోసింది. రెండు గళ్ళు చాలు, మూడోది అక్కర్లేదు అని ఏరడానికి బద్ధకించింది. అంతే. పెద్ద కుట్ర ఏమీ లేదు. మనుషుల బతుకులు తలకిందులవడానికి ప్రతిసారీ కుట్రే అక్కర్లేదు, జీతం తీసుకునే మనిషి ఒక మధ్యాహ్నం బద్ధకిస్తే చాలు.

నమ్మలేక పరీక్షించి చూసింది. తన నంబరుతో ఫిర్యాదుల పేజీకి వెళ్ళి, చిట్టా తెరిచింది. ఆఖరి వరసలో తన నంబరు, పది గంటల నలభై రెండు నిమిషాలు, 47. ఈ పోర్టల్లో పేజీలకి నంబర్లే. ఫిర్యాదుల పేజీ నలభై ఏడు. కాగితం మీద ఆ అంకె చూసినవాడు అదేంటో తెలుసుకోవాలంటే పోర్టల్లో ఒక్కసారి కొట్టి చూస్తే చాలు.

పాత వరసలు వెతికింది. ఏడుగురి నంబర్లూ ఉన్నాయి. ఏడింటి పక్కనా నలభై ఏడు. మూగన్న నంబరు రెండుసార్లుంది. మొదటిసారి రాసింది సేవ్ కాకుండా పోతే అతను లేచి వెళ్ళిపోబోయాడు. "ఏం ఫర్లేదన్నా, మళ్ళీ లోపలికి రా, పేరేం పడదు, నాది పూచీ" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది తనే.

కర్సరు ఆ నాలుగు లైన్ల పక్కన మిణుకుమిణుకుమంటోంది. చెరిపేస్తే? ఈ డిపోలో ఈ నాలుగు లైన్లూ చదవగల మనిషి ఒక్కతే, అది తనే. చెరిపేసి, ఫోను నంబరు పని ముగించి, నాలుగింటికి మీటింగులో వెనక వరసలో కూర్చోవచ్చు. ఇలాంటి ఆలోచన రాలేదని చెప్తే అబద్ధం. వచ్చింది, వచ్చి చాలాసేపు కూర్చుంది కూడా.

ఒంటిగంటకి తలుపు దగ్గర దగ్గు వినిపించింది. బాబాయి. చేతిలో అన్నం డబ్బా.

"ఇక్కడ తిననా తల్లీ? అక్కడ నేను కూర్చోగానే అందరికీ ఒకేసారి పని గుర్తొస్తోంది. కేంటీన్ ఇంత త్వరగా ఖాళీ చేయించగలనని నాకే తెలీదు."

ఆమె కుర్చీ జరిపింది. బాబాయి అన్నం డబ్బా మూతలో పెట్టుకుని చప్పుడు కాకుండా తింటున్నాడు. ముప్పై ఏళ్ళు ఇదే డిపోలో పనిచేసిన మనిషి, అద్దెకొచ్చినవాడిలా అంచున కూర్చుని తింటున్నాడు.

"నువ్వు తిన్నావా?"

"ఆకలి లేదు బాబాయ్."

"ఉంటుంది. కోపం మీద తెలీదంతే. నా గురించి ఎవరితోనూ తగవు పెట్టుకోకు. నీ పని నువ్వు చూసుకో."

ఆయన తెర వైపు ఒకసారి చూసి, వెంటనే డబ్బాలోకి తల వంచాడు. ఇప్పుడే చెప్పెయ్యాలనిపించింది. చెప్పలేకపోయింది. మనిషి మనల్ని తిడితే ఎదురు తిరగొచ్చు. తిన్నావా అని అడిగితే ఏం చేస్తాం?

ఆయన వెళ్ళాక ఆ నాలుగు లైన్లనీ చెరపకుండా అలాగే ప్రింటు తీసింది. చిట్టాలో ఏడుగురి వరసలూ ప్రింటు తీసింది. అక్క కోసం షెడ్డులోకి నడిచింది.

అక్క నడిపే బస్సు, కడిగే వరసలో ఆగి ఉంది. అక్క డ్రైవరు సీట్లోనే కూర్చుని కాళ్ళు చాపుకుంది.

"ఏంటే, ఆ మొహం? సర్వరు పోయిందా?"

"దిగక్కా. మాట్లాడాలి."

"దిగితే మళ్ళీ ఎక్కాలి. మోకాళ్ళు ఇప్పుడిప్పుడే నా మాట వింటున్నాయి. అక్కణ్ణుంచే చెప్పు."

కిటికీ కింద నిలబడి, తల పైకెత్తి, చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చి చెప్పినట్టే చెప్పింది. "బాబాయి కాదక్కా. పేర్లు నా కోడు నుంచి వెళ్ళాయి. నేనే." కాగితాలు పైకి అందించింది. అక్క వాటిని విప్పనైనా విప్పకుండా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు."

"అదేంటక్కా? నాలుగింటికి ఆయన్ని..."

"ఒసేయ్, విను. శుక్రవారం యాజమాన్యంతో చర్చలు. తొంభై బస్సులకి బ్రేకులు మార్పించేదాకా లేవనని అక్కడ కూర్చోబోయేది నేను. పేర్లు అందించింది కార్యదర్శి సొంత చెల్లెలే అని ఇవాళ తెలిస్తే, శుక్రవారం నా వెనక ఒక్కడు నిలబడతాడా? నీ ఉద్యోగం పోతే పోనీ, ఇంకోటి దొరుకుతుంది. ఆ బ్రేకులు? వాటితోనే రేపు జనాన్ని ఎక్కించుకుని కొండ దిగాలి మేము."

ఇది కొట్టిపారేసే మాట కాదు. అందుకే దానికి జవాబు చెప్పడం కష్టం. పెద్ద మంచి కోసం చిన్న అన్యాయం అనే లెక్క ఎప్పుడూ ఇంత చక్కగానే కుదురుతుంది. ఆ చిన్న అన్యాయం ఎవరి నెత్తిన పడుతోందో వాడు మాత్రం లెక్కలో కనపడడు.

"మరి బాబాయి?"

"ఆయన మోస్తాడు."

"ఆయన్ని అడిగావా మోస్తావా అని?"

అక్క ఇంజను స్టార్ట్ చేసింది. ఆ చప్పుడులో ఇంక మాట్లాడటానికి లేదు.

నాలుగయింది. టైర్ల గదిలో అరవై మంది, టైర్ల మీద, గచ్చు మీద, తలుపు పట్టుకుని. అక్క ముందు బల్ల దగ్గర కూర్చుంది. బాబాయి నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ జరగలేదు. బదిలీ అయిన ఏడుగురూ సెలవు పెట్టి వచ్చారు. మూగన్న గోడకి ఆనుకుని ఉన్నాడు. గొంతు పెద్దదని మైకు అని పిలుచుకునే కండక్టరు తగువు మొదలుపెట్టాడు.

"చూడు బాబాయ్, ఇంతకాలం నిన్ను పెద్దమనిషివనుకున్నాం. సొంత మనుషుల్నే పట్టించావు. ఎందుకు చేశావో చెప్పి పో. దేనికి ఆశపడ్డావు?"

"నేనేం చెప్పలేదయ్యా."

"మరి గోడలు చెప్పాయా?"

"ఏమో. నన్నేం చేయదలుచుకున్నారో చేసెయ్యండి. ఇంటికెళ్ళాలి."

"అదుగో చూశారా! కాదని గట్టిగా కూడా అనలేకపోతున్నాడు!"

అప్పుడు ఎవరూ అనుకోని మనిషి నోరు విప్పాడు. మూగన్న.

"నేను బాబాయి దగ్గర రాయించుకోలేదు."

టైర్ల మీదివాళ్ళు మెడలు చాచారు, సగం ఆ మాటకి, సగం అతను మాట్లాడినందుకు.

"మరెక్కడ రాశావన్నా?" అన్నాడు మైకు.

మూగన్న కంప్యూటరమ్మ వైపు చూశాడు. ఆ చూపులో నేరం మోపడం లేదు. ఆమె ఏదో ఒకటి చెప్పి తన అనుమానం తీరుస్తుందని ఆశ ఉంది. దాన్ని తట్టుకోవడం ఆమె వల్ల కాలేదు. అక్క వైపు చూడకుండా లేచింది.

"నా గదిలో రాశాడు. బాబాయికి సంబంధం లేదు. ఆయన్ని వదిలెయ్యండి. పేర్లు బయటికి పోయింది నా వల్ల."

"అర్థమయ్యేలా చెప్పమ్మా."

చెప్పింది. పోర్టల్లోకి ఎవరొచ్చినా, ఎవరు, ఎప్పుడు, ఏ పేజీకి అని తన కోడు రాసుకుంటోందని. రెండు రోజుల కోసం పెట్టింది పద్నాలుగు నెలలు ఉంచేసిందని. అదే కాగితమై రోజూ పొద్దున్నే పెద్దసారు బల్ల మీదికి పోతోందని. మాటలు వెతుక్కోకుండా, ఏడవకుండా చెప్పింది. ఏడిస్తే వాళ్ళే ఓదార్చాల్సి వస్తుంది, ఆ హక్కు తనకి లేదు.

"పేరు పడదన్నావు కదమ్మా! ఇదే గదిలో, ఇక్కడే నిలబడి అన్నావు!" అన్నాడు మైకు.

"అన్నాను."

"మరి?"

"పడింది. నేను చూసుకోలేదు."

మూగన్న మెల్లగా అన్నాడు. "మొదటిసారి పోతే నేను లేచాను. నువ్వే కూర్చోబెట్టావు."

"అవునన్నా."

అతను నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. ఆ పని వెనకనున్నవాళ్ళు చేశారు. "అక్క యూనియన్ నడుపుతుంది, చెల్లి కాగితాలు పంపుతుంది! మంచి సంసారమే!" అని ఒకడు అరిచాడు. "ఇద్దరూ కలిసే ఆడారు నాటకం!" అని ఇంకొకడు. టైర్ల మీద కూర్చున్నవాళ్ళు లేచారు. మైకు ఆమె మీదికి రెండడుగులు వేశాడు.

"ఆగండ్రా!"

బాబాయి. ముప్పై ఏళ్ళలో ఆయన గొంతు అంత పైకి లేవడం ఎవరూ వినలేదు. ఇందాకటి దాకా నేల చూపులు చూసిన మనిషి వచ్చి ఆమెకీ మైకుకీ మధ్య నిలబడ్డాడు.

"నా మీద పడినంతసేపు ఊరుకున్నాను. ఈ పిల్ల మీద పడితే ఊరుకోను. ఆ కాగితం రోజూ పొద్దున్నే ప్రింటు తీసి సారు బల్ల మీద పెట్టేది ఎవరనుకున్నారు? నేనే. మీ ఫిర్యాదులు టైపు చేసేటప్పుడు తెర మీద పైన నలభై ఏడు అని కనిపిస్తుంది. కాగితం మీద మూడో గడిలోనూ అదే. నాకు కళ్ళు లేవా? ఎనిమిది నెలల కిందటే పట్టుకున్నాను."

కంప్యూటరమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఎనిమిది నెలలా? నాకెందుకు చెప్పలేదు బాబాయ్? ఒక్క నిమిషంలో తీసేసేదాన్ని కదా!"

"చెప్పొద్దన్నారు తల్లీ."

"ఎవరు?"

బాబాయి బల్ల వైపు తిరిగాడు.

"ఆ కాగితం నేను మీ అక్క చేతికే ఇచ్చాను. చెల్లికి చెప్పకు, ఎవరికీ చెప్పకు అని నా చేత మాట తీసుకుంది. ఇవాళ్టిదాకా నిలబెట్టుకున్నాను. ఇంక నా వల్ల కాదు."

అరవై తలలు ఒక్కసారిగా అటు తిరిగాయి. అక్క బుకాయిస్తుందని చెల్లెలు ఎదురుచూసింది. ముసలాడికి మతి పోయిందంటుంది, బల్ల గుద్దుతుంది, అందర్నీ బయటికి పొమ్మంటుంది. ఆ బుకాయింపుని నమ్మడానికి లోపల్లోపల సిద్ధపడింది కూడా.

అక్క లేచి నిలబడింది.

"అవును. ఇచ్చాడు."

"తెలిసీ మా చేత రాయించావా?" అన్నాడు మూగన్న.

"తెలిసే రాయించాను. చెల్లికి చెప్తే ఆ రోజే ఆపేసేది. ఆ కాగితం ఆగకూడదు. అందుకే చెప్పలేదు."

ఎందుకు ఆగకూడదో వచ్చే వారం.